గోధుమ లేదని రుజువేమిటి?

మా ఆవిడ వకుళకి గోధుమ పడదు. పడదంటే ఇష్టం లేదని కాదు. ఒకప్పుడు పూరీలు చేస్తే నాకు పెట్టినదానికంటే రెండెక్కువే తను తినేది. పోయినేడాది నెలల తరబడి కడుపునొప్పి, నీరసం, మనిషి చిక్కిపోవడం అయ్యాక, విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి ఇది సీలియాక్ అనే జబ్బని తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగట పదార్థం ఉంటుందట, అది ఈవిడ పేగులకు సరిపడదట. గోధుమపిండి, మైదా, రవ్వ, ఏదీ చిటికెడు కూడా లోపలికి పోకూడదు, మానెయ్యడమే మందు అన్నారు. ఇది అంటువ్యాధి కాదని కూడా చెప్పారు. ఆ మాట అడగకుండానే ఎందుకు చెప్పారో నాకు అప్పుడు తెలియలేదు.

అన్నం తినేవాళ్ళకి ఇందులో కష్టమేముంది అని మీరంటారు. అందరూ అదే అన్నారు. కానీ కొట్లో కొనే ఇంగువలో చాలావాటికి మైదా కలుస్తుంది. ఆ ఇంగువ పులిహోరలో పడుతుంది, చారులో పడుతుంది. కూర చిక్కబడకపోతే వంటాయన గుప్పెడు మైదా కలిపేస్తాడు. బూరెలు ముంచే తోపు పిండి కరకరలాడాలని అందులోనూ వేస్తాడు. ఏ పెళ్లికి వెళ్లినా మా ఆవిడ వడ్డించేవాణ్ణి ఆపి "ఇందులో ఏం వేశారు బాబూ?" అని అడగాలి. "ఏమీ వెయ్యలేదమ్మా, తినండి" అంటాడు. ఏమీ వెయ్యకుండా కూర ఎలా అయిందో ఆ దేవుడికే తెలియాలి.

అందుకని తను ఇంటి దగ్గర్నుంచి డబ్బాలో అన్నం పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. మా ఆఫీసులో పక్క సెక్షన్ సూపరింటెండెంటుగారి అమ్మాయి పెళ్లిలో అలాగే పంక్తిలో కూర్చుని డబ్బా మూత తీసింది. పక్కనున్నావిడ అదేమిటని అడిగింది, వకుళ చెప్పింది. ఆవిడ "అయ్యో పాపం" అంటూనే తన విస్తరిని నాలుగు వేళ్ల దూరం అటు జరుపుకుంది. వకుళ మూత పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచినట్టు లేచి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఎక్కడికీ భోజనానికి రావడం లేదు. క్వార్టర్సులో ఎవరింట్లో పురుడైనా, ఎవరికి జ్వరమొచ్చినా క్యారేజీ కట్టి పంపించిన మనిషి ఈవిడ.

మా పెళ్లయి పాతికేళ్లు నిండే రోజు వైశాఖంలో వస్తోంది. ఆ రోజున మనింట్లోనే మన క్వార్టర్సు వాళ్లకి భోజనాలు పెడదామన్నాను. ఒకటే వంట, ఒకటే పంక్తి. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, ఇంగువ లేని పులిహోర, బియ్యం మినప్పప్పు రుబ్బిన తోపుతో పూర్ణం బూరెలు, పరమాన్నం. వడ్డన నేను చేస్తాను, నువ్వు పంక్తి మధ్యలో కూర్చోవాలి అన్నాను.

తను క్యాలెండరు దించి ఆ తేదీ చూసుకుంది. తరవాత "అయితే ఎవర్నీ ఏమీ అడక్కుండా తినొచ్చన్నమాట" అంది. ఆ మాట కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. దురదృష్టం ఏమిటంటే, నేను దరఖాస్తు చేశాను.

నేను తూర్పు తీర గోనెసంచుల అభివృద్ధి సంస్థలో, స్టోర్సు విభాగంలో పనిచేస్తాను. కాకినాడ ఊరి చివర మా క్వార్టర్సు. నీళ్ల ట్యాంకు చిన్నది కాబట్టి ఏ ఇంట్లోనైనా పదిమందికి మించి భోజనాలు పెడితే సంక్షేమాధికారిగారి అనుమతి తీసుకోవాలని నియమం. ఆ నియమాన్ని ఎవరూ పాటించరు. నేను పాటిస్తాను, అది నా స్వభావం. తెల్లకాగితం మీద ‘మా ఇంట ఫలానా రోజున ఇరవైమందికి గోధుమ లేని భోజనం పెట్టుకొనుటకు అనుమతి కోరడమైనది’ అని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను.

మా సంక్షేమాధికారి దక్షిణామూర్తిగారు ఎదురుగా ఉన్న మనిషితో కూడా సర్క్యులరులో మాట్లాడినట్టే మాట్లాడతారు. నా కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"సీతాపతిగారూ, భోజనం వరకు అభ్యంతరం లేదు. గోధుమ లేని అన్న విశేషణం విషయంలోనే పరిశీలన అవసరమవుతుంది."

"మా ఆవిడకి పడదండి. అందుకని రాశాను."

"రాశారు సరే. రాసిన తర్వాత అది ప్రకటన అవుతుంది. ప్రకటనకి రుజువుండాలి. గోధుమ ఉంటే, ఇదిగో ఉంది అని చూపిస్తారు. లేదంటున్నారు. లేనిదాన్ని ఏం చూపిస్తారు?"

"ఏమీ చూపించక్కర్లేదు కదండీ. లేదు గదా."

"అదే సమస్య" అన్నారాయన, నన్ను జాలిగా చూస్తూ. "ఉన్నదాన్ని ఆమోదించడానికి నాకు అధికారముంది. లేనిదాన్ని ఆమోదించాలంటే కమిటీ వెయ్యాలి."

ఆ విశేషణం కొట్టేసి ఇస్తానన్నాను. ఒకసారి దాఖలైన విశేషణాన్ని ఉపసంహరించుకుంటే వాస్తవాన్ని దాచినట్టవుతుందన్నారు. ఇంటికొచ్చి చెబితే వకుళ "మీకు మాటలు ఎక్కువండీ. భోజనం అని రాసి ఊరుకోలేకపోయారా?" అంది. ఊరుకోవచ్చని నాకూ తట్టింది, కానీ అప్పటికి కమిటీ వేసేశారు.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. ముందు దక్షిణామూర్తిగారు, వెనకాల ఆడిటరు త్రినాథరావుగారు, ఆయన వెనకాల ఫైలు మోసే ప్యూను. తనిఖీ బృందానికి తేనీరు, బిస్కట్లు ఇవ్వాలని సంస్థ నియమావళిలో ఉంది. మా ఇంట్లో బిస్కట్లు లేవని వకుళ చెప్పింది. గోధుమ గింజ కూడా లేకుండా చెయ్యడానికి తను వారం రోజులు పట్టి వంటింటి డబ్బాలన్నీ వేడినీళ్లతో కడిగి ఎండబెట్టింది మరి. దక్షిణామూర్తిగారు పర్వాలేదమ్మా అని పెద్ద మనసు చేసుకుని, తమ వెంట తెచ్చుకున్న బిస్కట్ల పొట్లం విప్పారు.

మా పొయ్యి గట్టు పక్కనే నిలబడి ముగ్గురూ బిస్కట్లు టీలో ముంచుకుని తిన్నారు. తర్వాత త్రినాథరావుగారు జేబులోంచి భూతద్దం తీసి గట్టు మీద వంగారు.

"ఇవేంటండీ, ఇక్కడ పొడిలాగున్నాయి?" అన్నారు.

"మీరు తిన్న బిస్కట్టే గదండీ" అంది వకుళ.

"ఎవరు తిన్నారన్నది మా పరిధిలోకి రాదమ్మా. తనిఖీ సమయానికి గట్టు మీద ఏముందన్నదే మా పరిధి."

గట్టు మీద గోధుమ సంబంధిత అవశేషములు కనుగొనడమైనది అని రాసుకుని వెళ్లిపోయారు. వకుళ మళ్లీ వంటిల్లు మొత్తం కడిగింది. వారం తర్వాత మళ్లీ వచ్చారు, మళ్లీ బిస్కట్లు తెచ్చుకున్నారు, మళ్లీ అవశేషములు కనుగొన్నారు. మూడోసారికి వకుళ గుమ్మంలోనే నిలబడి, టీ వసారాలో తాగి లోపలికి రండి అంది. తనిఖీకి సహకరించలేదని రాశారు. వసారాలో తాగడానికి కుర్చీలు కూడా వేశామండీ అని నేనన్నాను. కుర్చీలు వేసి సహకరించలేదని సరిదిద్దారు.

ఇక్కడితో ఆగితే ఏదో ఒకటి చేసుకునేవాళ్లం. ఆ వారంలోనే మా మేనేజింగ్ డైరెక్టరు చక్రధర్‌గారు ఏదో కొండమీది రిసార్టులో ఆరోగ్యకర జీవనం మీద మూడురోజుల సదస్సుకి వెళ్లి వచ్చారు. వెళ్లేముందు ఆయన మామూలు మనిషే. తిరిగొచ్చాక టీలో పాలు మానేశారు, మెట్లెక్కుతూ ఊపిరి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. దక్షిణామూర్తిగారు నా ఫైలు పట్టుకెళితే అందులో గ్లూటెన్ అన్న మాట చూసి ఆయన మొహం విప్పారిందట. సదస్సులో ఆ మాట విన్నారు కానీ అదేమిటో ఎవరూ చెప్పలేదట.

నన్ను పిలిపించారు. "సీతాపతీ, నీకు తెలీకుండానే నువ్వో ఉద్యమం మొదలెట్టావయ్యా" అన్నారు.

"భోజనం పెట్టుకుందామనండి" అన్నాను.

"భోజనం ఒక ఇంటిది. దృక్పథం సంస్థది. మన సంస్థని గోధుమరహిత సంస్థగా ప్రకటిస్తున్నాను."

మర్నాటి నుంచి క్యాంటీనులో పూరీ, చపాతీ, ఉప్మా, సమోసా రద్దు. క్వార్టర్సు గేటు దగ్గర వాచ్‌మన్ సత్తెయ్య అందరి సంచులూ చూసి గోధుమపిండి ఉంటే పక్కన పెట్టేవాడు. ఎవరికి పడదో వాళ్లు మానేస్తే చాలు, మిగతావాళ్లు హాయిగా తినొచ్చు అని నేను పై అధికారులందరికీ చెప్పి చూశాను. వ్యక్తిగత స్థాయి ఆలోచన అన్నారు. రాత్రిపూట చపాతీ తప్ప తినని షుగరు మనుషులు మా క్వార్టర్సులో సగంమంది. వాళ్లు పిండిని ముగ్గు డబ్బాల్లో పోసుకుని గేటు దాటించేవారు. త్రినాథరావుగారికి కూడా షుగరే. ఆయన మాత్రం తన పేరిట ఒక వైద్య మినహాయింపు తానే ఆడిట్ చేసి తానే ఆమోదించుకున్నారు.

దృక్పథం ఉత్పత్తికి కూడా పాకింది. మేము నేయించే గోనెసంచి ప్రతిదాని మీదా పచ్చరంగులో ‘గోధుమరహితం’ అని ముద్ర వేయించారు. ఆ సంచులు కొనేవాళ్లు గోధుమల గిడ్డంగివాళ్లు. గోధుమలు పోసుకోవడానికి కొన్న సంచి మీద గోధుమ లేదని రాసి ఉంటే మేమేం చేసుకోవాలి అని లారీలు వెనక్కి పంపించేశారు. ఉత్తరాది కొనుగోలుదారులకు దృక్పథం అందలేదు అని మా వార్షిక నివేదికలో రాశారు.

ఇదంతా వచ్చి వచ్చి మా ఆవిడ మీద పడింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకుంటూ ఉండి తను వెళ్లగానే ఆపేసేవారు. చివరికి ఎదురింటి రాజరత్నంగారే నోరు విప్పారు. ఆవిడకి వకుళంటే ప్రాణం, అయినా ఆగలేకపోయారు.

"నిన్నేం అనటం లేదు వదినా. కానీ మా పిల్లలు పూరీ పూరీ అని ఏడుస్తుంటే ఏం చెప్పమంటావు? వకుళత్తకి పడదని చెప్పాను. ఆవిడికి పడకపోతే మాకేంటమ్మా అన్నాడు మా చిన్నాడు. నేనేం చెప్పను?"

"మీ చిన్నాడు చెప్పిందే కరెక్టు" అంది వకుళ. ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చింది. "మీరు నాకు పంక్తిలో చోటు చూపిస్తానన్నారు. ఇప్పుడు కుళాయి దగ్గర చోటు కూడా పోయింది" అంది.

పెళ్లిరోజుకి ఇంకా పదిరోజులుందనగా సంస్థ మా భోజనాన్ని స్వీకరించింది. అంటే ఆ రోజున మా ఇంట్లో వంటకి అనుమతి రాలేదు, దానికి బదులు కమ్యూనిటీ హాల్లో సంస్థ ఖర్చుతో గోధుమరహిత సామూహిక భోజనం, దానికి శ్రీమతి వకుళ ముఖ్య అతిథి. చక్రధర్‌గారు స్వయంగా ఫోను చేసి చెప్పారు. వకుళకి మొదట ఇష్టం లేదు. కానీ వంట పట్టిక అంతా మనదే, వంటవాళ్ల దగ్గర నిలబడి చూసుకోవచ్చని నేనే ఒప్పించాను. క్వార్టర్సు మొత్తం వస్తుంది, అందరిలో కూర్చుని తింటావు, కోపాలు కూడా పోతాయి అన్నాను. వంకాయరంగు పట్టుచీర కట్టుకుంది. వంటవాళ్లు మంచివాళ్లు, చెప్పినట్టే వండారు. ఇంగువ వెయ్యలేదు. బూరెల తోపు మా ఇంట్లో రుబ్బి పంపించిందే. పొద్దుట్నుంచీ నేను గాడిపొయ్యి దగ్గరే ఉన్నాను, తప్పన్నది నాకెక్కడా కనబడలేదు.

పన్నెండు గంటలకి వంట హాల్లోకి చేర్చి నన్ను స్వాగత తోరణం దగ్గర నిలబడమన్నారు. అందరూ వచ్చి కూర్చున్నాక నేను లోపలికి వెళ్లి చూశాను. ప్రతి గుండిగ మీదా పచ్చ చీటీ, దాని మీద ‘గోధుమరహితం’ అని అచ్చు. ప్రతి గరిటె కాడకీ చీటీ. ప్రతి మంచినీళ్ల గ్లాసుకీ, ప్రతి అరిటాకుకీ తలవైపున చీటీ. ఇంకా తడి ఆరలేదు. దక్షిణామూర్తిగారు రాత్రంతా నిద్ర లేకుండా అంటింపజేశారట. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం వెలిగిపోతోంది.

వకుళని వేదిక ముందు పంక్తిలో, చక్రధర్‌గారి పక్కన కూర్చోబెట్టారు. మెడలో రెండు దండలు. పులిహోర వడ్డించబోతుంటే తను ఆకు మీది చీటీని వేలితో తాకింది. తెల్లటి బంక వేలికి అంటుకుంది. ఆకు మీదికి కూడా కారింది.

"దక్షిణామూర్తిగారూ, ఇవి దేంతో అంటించారండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఆయన ఎదురుచూస్తున్నట్టున్నారు. "బజారు గమ్ము కాదమ్మా. పొదుపు ఉత్తర్వు వచ్చిన్నాటి నుంచి గమ్ము కొనడం మానేశాం. మన ఆఫీసులోనే కాసిన జిగురు. స్వచ్ఛమైన మైదా, గట్టిగా ఉడకబెట్టించాను. మీరు ఏ సందేహం పెట్టుకోవద్దు."

కవర్లు అంటించడానికీ, గోడ మీద నోటీసులకీ మా ఆఫీసులో ఎప్పుడూ మైదా జిగురే. ఏళ్ల తరబడి మా స్టోర్సు నుంచి ఆ పిండి ఇచ్చేది నేనే. కానీ గరిటెకి చీటీ అంటిస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. మైదా అంటే గోధుమే కదండీ అని నేను ఆయన చెవిలో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, మైదా చీటీకి సంబంధించినది, భోజనానికి సంబంధించినది కాదు, రెండూ వేర్వేరు పద్దులు అన్నారు. గరిటె ఆ జిగురుతోనే పప్పులో మునుగుతోంది.

వకుళ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేచి వెళదామంటే పక్కన ఎమ్‌డీగారు ప్రసంగం మొదలుపెట్టేశారు. ఈ తల్లి బాధే మనకు బాట అన్నారు. అందరూ చప్పట్లు కొట్టి తినడం మొదలుపెట్టారు. రాజరత్నంగారి చిన్నాడు బూరెలు అయిదు తిన్నాడు. వకుళ ఆకు మీద చీటీ ఒక్కటే ఉంది. ఫొటో తీసేటప్పుడు నవ్వమన్నారు, నవ్వింది.

ఇంటికి నడిచి వస్తూ తనే అంది. "ఆ పెళ్లిలో ఒక్కావిడే పక్కకి జరిగిందండీ. ఇవాళ ఊరంతా నా చుట్టూ కూచుని తింది." ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే ఏడ్చాను. తను నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, కుక్కరు పెట్టి, ఇంత పెరుగన్నం కలిపింది.

సామూహిక భోజనం ఘనవిజయం సాధించినట్టు సంస్థ ప్రకటించింది. ఆ భోజనం వల్ల గోధుమ పడని వ్యక్తులలో ఒక్కరికి కూడా అస్వస్థత కలగలేదన్నది రుజువు. ఆ మాట నిజమే. అలాంటి వ్యక్తి ఒక్కరే, ఆవిడ ముద్ద ముట్టలేదు. దానికి వేరుగా నాకొక మెమో వచ్చింది. సంస్థ నిధులతో వండిన ఆహారాన్ని నా భార్య ఎందుకు వినియోగించలేదో సంజాయిషీ ఇవ్వాలట. ఆకలి లేదని రాశాను. ఆమోదించారు.

ఇక నాకు పంతం పట్టుకుంది. నా మొదటి దరఖాస్తు ఏమైందని రోజూ వెళ్లి దక్షిణామూర్తిగారి బల్ల ముందు నిలబడేవాణ్ణి. అడగను, నిలబడతాను. చివరికి ఆషాఢంలో అనుమతి వచ్చింది. ఇంటికి తెచ్చి వకుళకి చదివి వినిపించాను.

‘పైన ఉదహరించిన విందును షరతులకు లోబడి అనుమతించడమైనది. ప్రమాద నివారణ నిమిత్తము, వ్యాధిగ్రస్తులెవరూ సదరు పంక్తియందు కూర్చొనరాదు. వ్యాధిగ్రస్తులనగా, పంక్తిలో ఇతరులు తిను ఆహారమును తినజాలక, వేరుగా తెచ్చుకొన్న ఆహారమును తిను వ్యక్తి. ఇట్టి వ్యక్తి కనుగొనబడినచో తక్షణము పంక్తి నుండి తొలగించవలెను. పర్యవేక్షణకు సంక్షేమాధికారి స్వయముగా హాజరగుదురు.’

తన కోసం పెట్టుకునే భోజనంలో తను తప్ప అందరూ కూర్చోవచ్చునన్నమాట. కాగితం చింపెయ్యబోయాను. వకుళ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చదువుకుంది.

"నేను కూచుంటాను. వచ్చి లేపమనండి" అంది. "ఇరవై మందిలోంచి చెయ్యి పట్టుకుని లేపమనండి. చూస్తాను."

అంత కోపం నేను తనలో ఎప్పుడూ చూడలేదు. ఆ ఆదివారమే భోజనాలకి పిలిచాం. ఎవరూ రారేమో అనుకున్నాను గానీ రాజరత్నంగారు పొద్దున్నే వచ్చి కొంగు బిగించి వంకాయలు తరిగారు, మిగతావాళ్లంతా ఆవిడ వెనకే వచ్చారు. ముందు గదిలో చాపలు పరిచి గోడ పొడుగునా పంక్తి వేశాం. వకుళ మధ్యలో కూర్చుంది. త్రినాథరావుగారు ఆలస్యంగా వచ్చి చివర్న, గుమ్మం పక్కన కూర్చుని, తనకి తొందర లేదన్నారు. నేను పప్పు, కూర, పులిహోర, బూరెలు ఆ చివర్నుంచి ఈ చివరికి వడ్డించుకుంటూ వచ్చాను.

దక్షిణామూర్తిగారు సరిగ్గా బూరెల వేళకి వచ్చారు. చేతిలో ఉత్తర్వు కాపీ. గది మధ్యలో నిలబడి పంక్తి వంక చూశారు. వకుళ తలెత్తి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది.

"వ్యాధిగ్రస్తులు ఎవరు?" అని నన్నడిగారు.

"మీకు తెలీదాండీ?" అన్నాను.

"నాకు తెలిసింది వేరు సీతాపతిగారూ, నేను తేల్చాల్సింది వేరు. తెలిసినదాని మీద చర్య తీసుకోవడానికి నాకు అధికారం లేదు. నిర్వచనం ప్రకారం కనుక్కోవాలి."

ఒక్కో ఆకు ముందూ వంగి చూసుకుంటూ బయల్దేరారు. ఆకులో ఏమున్నాయి, పక్క ఆకులో అవే ఉన్నాయా లేదా అని ఉత్తర్వుతో సరిచూస్తున్నారు. వకుళ ఆకు దగ్గర చాలాసేపు ఆగారు. పప్పు, వంకాయ, పులిహోర, బూరె. ఇటు పక్క రాజరత్నంగారి ఆకు చూశారు, అవే. అటు పక్క ఆకు చూశారు, అవే.

"వేరుగా ఏమైనా తెచ్చుకున్నారా అమ్మా?"

"లేదండి" అంది వకుళ. "అందరూ తినేదే తింటున్నాను."

ఆయన తల పంకించి ముందుకి జరిగారు. అలా చూసుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయారు. త్రినాథరావుగారి ఆకు ఖాళీగా ఉంది. పక్కన చిన్న స్టీలు డబ్బా. అందులో రెండు చపాతీలు, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్కలు. అప్పుడే మూత తీసినట్టున్నారు.

"ఇదేంటండీ?"

"నాకు షుగరు కదండీ, అన్నం పడదు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. మినహాయింపు ఉంది నాకు."

"మినహాయింపు తినడానికి. కూర్చోవడానికి కాదు." దక్షిణామూర్తిగారు ఉత్తర్వు పైకెత్తి, ఇతరులు తిను ఆహారమును తినజాలక, వేరుగా తెచ్చుకొన్న, అని వేలు పెట్టి చదివారు. "లేవండి త్రినాథరావుగారూ."

"నేనా? వ్యాధిగ్రస్తురాలు ఆవిడండీ. నేను కమిటీ మెంబర్ని."

"ఆవిడ అందరూ తినేదే తింటున్నారు. మీరే వేరు. ఈ నిర్వచనం ఆమోదించిన సంతకాల్లో మీది కూడా ఉంది."

త్రినాథరావుగారు డబ్బా మూత పెట్టుకుని లేచారు. పోనీ పాపం అని నేను వసారాలో కుర్చీ వేసి, మా ఇంటి ఆవకాయ కొంచెం విడిగా కాగితంలో ఇచ్చాను. గోధుమ ఆ గుమ్మం దాటి బయటికి వెళ్లడం వైద్యరీత్యా కూడా మంచిదే.

దక్షిణామూర్తిగారు గోడకి ఆనుకుని నిలబడే నివేదిక రాశారు. రాసింది పైకి చదవడం ఆయన అలవాటు. "వ్యాధిగ్రస్తుడొకరిని కనుగొని పంక్తి నుండి తొలగించడమైనది. మిగిలిన వారందరూ ఒకే ఆహారమును భుజించుచున్నారు. వారిలో ఎట్టి భేదమూ కనబడలేదు." చదివి, సంతకం పెట్టి, గుమ్మం దగ్గర ఖాళీ అయిన చోట తనే కూర్చుని కొత్త ఆకు వేసుకున్నారు. నేను పులిహోర వడ్డించాను. బాగుందన్నారు.

ఎట్టి భేదమూ కనబడలేదన్న మాట దగ్గర వకుళ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. రాజరత్నంగారు తన భుజంతో ఈవిడ భుజాన్ని ఒక్కసారి తోశారు. నేను బూరెల పళ్లెం పట్టుకుని పంక్తి వెంట మళ్లీ బయల్దేరాను. మా ఆవిడ చెయ్యి చాచి, ఎవర్నీ ఏమీ అడక్కుండా, రెండో బూరె తీసుకుంది.